మెటియాబ్రుజ్ పద్దులు: ఎర్ర అట్ట పుస్తకం నుంచి క్లౌడ్ దాకా

కోల్‌కతా నగరానికి నైరుతి అంచున, హుగ్లీ నది తూర్పు ఒడ్డు వెంబడి, గార్డెన్ రీచ్‌తో హద్దులు తెలియనంతగా కలిసిపోయి మెటియాబ్రుజ్ ఉంది. 1984లో గార్డెన్ రీచ్ పురపాలక సంఘాన్ని కలకత్తా నగరపాలక సంస్థలో విలీనం చేసేదాకా ఈ ప్రాంతం నగరం వెలుపలి పట్టణంగానే లెక్కకు వచ్చేది. లక్నో నవాబు చివరి నివాసంగా చరిత్ర పుస్తకాలు దీనిని గుర్తుంచుకుంటే, పిల్లల గౌన్లు, చొక్కాలు, నిక్కర్లు చవక ధరకు డజన్ల లెక్కన దొరికే చోటుగా వర్తక లోకం దీనిని ఎరుగును. ఇక్కడ కుట్టిన బట్ట బెంగాల్, బిహార్, అస్సాం దాటి దక్షిణాది సంతల దాకా చేరుతుంది. అంత విస్తారమైన వ్యాపారం ఒక శతాబ్దానికి పైగా చేతిరాత పుస్తకాల మీదనే నడిచి, ఇటీవలి కాలంలో మాత్రమే కంప్యూటరుకూ, అక్కడినుంచి చాలా తొందరగా క్లౌడుకూ మారడం మొదలుపెట్టింది. ఆ మార్పు ఎలా వచ్చిందో, ఎందుకు అంత ఆలస్యంగా వచ్చిందో తెలుసుకోవడం ఈ వ్యాసం ఉద్దేశం. ఈ ఆలస్యానికి దర్జీల వెనుకబాటుతనాన్ని కారణంగా చూపడం తేలికే గాని అది న్యాయమూ కాదు, నిజమూ కాదు. పరిశ్రమ నిర్మాణంలోనూ, ప్రభుత్వ చట్టాలలోనూ అసలు కారణాలు ఉన్నాయి.

1856 ఫిబ్రవరిలో ఈస్టిండియా కంపెనీ అవధ్ రాజ్యాన్ని కలిపేసుకున్న తరువాత, తన గోడు లండన్‌లో వినిపించుకోవాలన్న ఆశతో బయలుదేరిన నవాబు వాజిద్ అలీ షా అదే ఏడాది మే నెలలో కలకత్తా చేరి, గార్డెన్ రీచ్‌లో నదికి ఎదురుగా ఉన్న బంగళాలో దిగాడు. 1857 తిరుగుబాటు కాలంలో ఫోర్ట్ విలియం కోటలో నిర్బంధంలో గడిపి, 1859లో విడుదలైన తరువాత 1887లో మరణించేదాకా ఆయన ఇక్కడే ఉండిపోయాడు. ఏడాదికి 12 లక్షల రూపాయల పింఛనుతో ఆయన ఇక్కడ మరో చిన్న లక్నో కట్టించాడు. భవనాలు, జంతుశాల, ఇమాంబాడాలు, సంగీత నృత్య శాలలు, వంటవాళ్లు, పతంగులు చేసేవాళ్లు, సేవకులు, సిపాయిలు అందరూ ఆ పరివారంలో భాగమయ్యారు. బాల్యంలో కొన్నేళ్లు అక్కడ గడిపిన ఉర్దూ రచయిత అబ్దుల్ హలీం షరర్ ఆ వైభవాన్ని తరువాతి కాలంలో వివరంగా నమోదు చేశాడు. నవాబు సమాధి ఉన్న సిబ్తైనాబాద్ ఇమాంబాడా ఈనాటికీ నిలిచి ఉంది గాని, తక్కిన ఆస్తి చాలావరకు ఆయన మరణించిన వెంటనే వేలానికి పోయి చెల్లాచెదురైంది.

మెటియాబ్రుజ్ కుట్టుపని నవాబు వెంట లక్నో నుంచి వచ్చిందని అందరూ చెప్పుకునే కథ. నవాబు దర్బారు దుస్తుల అవసరం స్థానికంగా పనిని పెంచిందనడంలో సందేహం లేదు గాని, ఆ ఒక్క కారణంతో ఇంత పెద్ద పరిశ్రమ పుట్టిందని నమ్మడం కష్టం. లక్నో పరివారపు వారసులు ఉర్దూ మాట్లాడేవారు కాగా, కుట్టు వ్యాపారాన్ని చేతబట్టిన కుటుంబాలలో అత్యధికం చుట్టుపక్కల మహేష్‌తలా, సంతోష్‌పూర్ పల్లెలకు చెందిన బెంగాలీ ముస్లింలు. కలకత్తా ఓడరేవు, అక్కడికి దిగే మిల్లు బట్ట, నగరంలోని ఐరోపా కుటుంబాల దుస్తుల అవసరం, పందొమ్మిదో శతాబ్దపు ద్వితీయార్ధంలో వచ్చిన కుట్టుమిషను ఈ పల్లెల నైపుణ్యానికి బలమిచ్చాయి. నవాబు ఆదరణ ఆ నైపుణ్యానికి పేరు తెచ్చింది. ఓడరేవు దానికి అన్నం పెట్టింది. తరువాతి శతాబ్దంలో జయ్ ఇంజనీరింగ్ వర్క్స్ కలకత్తాలోనే ఉషా కుట్టుమిషన్లను తయారుచేయడంతో స్వదేశీ మిషను దగ్గరలోనే దొరకసాగింది. ఆ కర్మాగారం ఉన్న ప్రిన్స్ అన్వర్ షా రోడ్డుకు టిప్పు సుల్తాన్ వంశీకుని పేరు ఉండటం, రాజ్యం కోల్పోయిన మరొక రాజకుటుంబం కూడా ఈ నగరంలోనే ప్రవాసం గడిపిందన్న సంగతిని గుర్తుచేస్తుంది.

ఈ పరిశ్రమ నడిచే తీరులో కేంద్రస్థానం ఓస్తాగర్‌ది. ఓస్తాగర్ అంటే బట్ట కొని, నమూనా నిర్ణయించి, కత్తిరించి, కుట్టడానికి ఇచ్చి, తయారైన సరుకును సంతలో అమ్మే యజమాని. ఆయనే చాలా సందర్భాలలో ఒకప్పుడు చేతిలో కత్తెర పట్టిన దర్జీ. ఒక్క కప్పు కింద నూరు మిషన్లు పెట్టే కర్మాగారం ఈ పద్ధతిలో ఉండదు. బట్ట తాను ఓస్తాగర్ ఇంట్లో తెగి ముక్కలవుతుంది, ముక్కల కట్ట దర్జీ ఇంటికి వెళుతుంది, కుట్టుపూల పని మరొక ఇంట్లో, కాజాలూ బొత్తాలూ ఇంకొక చోట, ఇస్త్రీ, మడత, పెట్టెలో సర్దడం వేరొక చోట జరుగుతాయి. ప్రతి మజిలీలోనూ కూలి ముక్క లెక్కన కట్టడం వల్ల ఒక గౌను పూర్తయ్యేలోపు అది నాలుగైదు గడపలు దాటుతుంది, అన్నిసార్లు దాని లెక్క రాయవలసి వస్తుంది. శని, ఆదివారాలలో మెటియాబ్రుజ్ సంతలోనూ, మంగళవారం హౌరా మైదానం దగ్గరి మంగళా హాట్‌లోనూ సరుకు అమ్ముడవుతుంది. వ్యాపారపు ఏడాది అంతా ఈద్, దుర్గాపూజ అనే రెండు పెద్ద గిరాకీల చుట్టూ తిరుగుతుంది.

ఇంత పంపకమైన పనికి లెక్క ఉంచేది పుస్తకం. తెలుగునాట వర్తకులు చిట్టా, ఆవర్జా అని పిలిచిన రెండు పుస్తకాల పద్ధతి, అంటే ఏ రోజు జమాఖర్చులు ఆ రోజు రాసుకునేది ఒకటి, మనిషి పేరున బాకీలు వేరు చేసి ఎక్కించేది మరొకటి, బెంగాల్ వర్తకంలోనూ వేరే పేర్లతో ఉన్నదే. ఎర్ర గుడ్డ అట్టతో కుట్టిన పొడవాటి పుస్తకం బెంగాల్ అంతటా వాడుకలో ఉంది. బెంగాలీ సంవత్సరాది నాడు కొత్త పుస్తకం తెరిచి, ఖాతాదారులను పిలిచి మిఠాయిలు పెట్టి, పాత బాకీలో కొంతైనా రాబట్టుకునే హాల్‌ఖాతా వేడుక దుకాణాల ఆచారం. ఉగాదికో, దీపావళికో కొత్త పద్దు పుస్తకాలకు పసుపు కుంకుమ పెట్టే తెలుగు వర్తకునికి అందులో పరాయితనం ఏమీ కనిపించదు.

మెటియాబ్రుజ్ ఓస్తాగర్ ఉంచవలసిన లెక్కను దగ్గరగా చూస్తే దాని బరువు అర్థమవుతుంది. ఒక నమూనా గౌనును ఐదు కొలతలలో, నాలుగు రంగులలో కుట్టిస్తే అవి ఇరవై రకాల సరుకు అవుతాయి. ఏ రకం ఎన్ని తెగాయి, ఏ దర్జీ ఎన్ని తీసుకువెళ్లాడు, ఎన్ని తిరిగి ఇచ్చాడు, ఎన్నింటికి కూలి ముట్టింది, ఎన్ని చెడిపోయాయి అన్న ఐదు ప్రశ్నలు ఒక్కొక్క రకానికీ ఉంటాయి. అలా నూరు గళ్లున్న పట్టిక ఒక్క నమూనాకే కావలసి వస్తుంది, ఓస్తాగర్ ఒక గిరాకీకి చేయించే నమూనాలు ఎన్నో. చేతి పుస్తకంలో ఈ పట్టిక ఎవరూ రాయరు. కొలతలూ రంగులూ కలిపిన డజను కట్టనే ఒక యూనిట్‌గా తీసుకుని, దర్జీ పేరున కట్టల సంఖ్య మాత్రం రాసి, తక్కినది జ్ఞాపకానికీ కంటిచూపుకూ వదిలివేస్తారు. సంతలో కూడా కొనుగోలుదారు కొనేది కలగలుపు డజనునే గాని విడి కొలతను కాదు. అందువల్ల పుస్తకంలోని లెక్క మోటుగా కనిపించినా, అది అమ్మకం జరిగే తీరుకు సరిగ్గా సరిపోయిన లెక్క.

ఈ పుస్తకాలకు మైలు, రెండు మైళ్ల దూరంలోనే, అదే నది ఒడ్డున, పూర్తిగా వేరైన మరొక లెక్కల లోకం నడిచింది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే (బీఎన్ఆర్) తన ప్రధాన కార్యాలయాన్ని గార్డెన్ రీచ్‌లో నెలకొల్పింది. ఆ ఆవరణలోని బీఎన్ఆర్ హౌస్ నవాబు తొలి నివాసమేనని చెబుతారు. 1944 అక్టోబరు 1న ప్రభుత్వం ఆ కంపెనీని స్వాధీనం చేసుకుంది, 1952లో అది తూర్పు రైల్వేలో కలిసింది, 1955 ఆగస్టు 1న విడివడి ఆగ్నేయ రైల్వే అయింది. వాల్తేరు డివిజను 2003లో తూర్పు తీర రైల్వేకు మారేదాకా ఈ గార్డెన్ రీచ్ కార్యాలయం కిందనే ఉండేది. కాబట్టి విశాఖపట్నం, విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల రైల్వే కుటుంబాలకు గార్డెన్ రీచ్ అనేది అపరిచితమైన పేరు కాదు. నియామకాల నుంచి పదోన్నతుల దాకా పెద్ద నిర్ణయాలు వెలువడిన చోటు అది. బీఎన్ఆర్ కాలం నుంచే తెలుగు ఉద్యోగులు ఖరగ్‌పూర్ వర్క్‌షాపుకూ, గార్డెన్ రీచ్ కాలనీలకూ వెళ్లి స్థిరపడ్డారు. మెటియాబ్రుజ్ సంతలో పండగ బట్టలు కొన్న తెలుగు గుమాస్తాలు పగలంతా కూర్చున్నది దేశంలో తొలితరం కంప్యూటర్లను వాడిన సంస్థలలో ఒకదానిలో.

1960ల ద్వితీయార్ధంలో భారతీయ రైల్వేలు తమ తొమ్మిది జోన్లలోనూ, మూడు ఉత్పత్తి కర్మాగారాలలోనూ, రైల్వే మంత్రిత్వ శాఖలోనూ ఐబీఎం 1401 యంత్రాలను ప్రవేశపెట్టాయి. రంధ్రాలు పొడిచిన అట్టకార్డుల ద్వారా సమాచారం తీసుకునే ఈ యంత్రాలు జీతాల పట్టీలు, సరుకు రవాణా రాబడి, గిడ్డంగి నిల్వల లెక్కలు తయారుచేశాయి. 1950లు, 60లలో కలకత్తా కంప్యూటరును అటు ఆహ్వానించిన నగరం, ఇటు ఎదిరించిన నగరం కూడా. ప్రశాంత చంద్ర మహలనోబిస్ నాయకత్వంలోని భారత గణాంక సంస్థ 1955–56లో బ్రిటన్‌లో తయారైన హెచ్ఈసీ-2ఎం యంత్రాన్ని తెప్పించి దేశంలో తొలి డిజిటల్ కంప్యూటరును నడిపింది. తరువాతి దశాబ్దంలో జీవిత బీమా సంస్థ ఉద్యోగులు తమ కార్యాలయ భవనం ఇలాకో హౌస్‌లో కంప్యూటరు పెట్టనివ్వకుండా నెలల తరబడి కాపలా కాశారు. తమ కొలువులు పోతాయన్న ఆ భయాన్ని తేలికగా కొట్టివేయడం ఆనాటి నిరుద్యోగాన్ని మరచిపోవడమే అవుతుంది. అయితే ఈ వాదమూ ప్రతివాదమూ కార్యాలయాలకు సంబంధించినవి. అటు కంప్యూటరు గాని, ఇటు దానిపై పోరాటం గాని దర్జీ వాడల గడప తొక్కలేదు.

పెద్ద సంస్థల లెక్కల విధానం అటుపై మరొక మెట్టు ఎక్కింది. జర్మనీలో ఐబీఎం నుంచి బయటికి వచ్చిన ఐదుగురు ఇంజనీర్లు 1972లో స్థాపించిన శాప్ సంస్థ, కొనుగోళ్లు, నిల్వలు, ఉత్పత్తి, అమ్మకాలు, జీతాలు అన్నీ ఒకే సమాచార నిధి మీద నడిచే ప్రోగ్రాంలను తయారుచేసింది. వీటికి 1990 ప్రాంతంలో ఈఆర్‌పీ అనే పేరు స్థిరపడింది. ఒక శాఖలో నమోదైన పద్దు తక్కిన శాఖలన్నిటిలోనూ దానంతట అదే ప్రతిఫలించడం ఈఆర్‌పీ ప్రధాన లక్షణం. ఈ విధానం ఒక సంస్థ, ఒక యాజమాన్యం, ఒక ఆవరణ, స్థిరమైన ఉద్యోగులు ఉన్నారని ముందుగానే భావించుకుని నిర్మించినది. అందులో కుట్టు విభాగం అంటే సంస్థ గోడల మధ్య ఉండే విభాగం. మెటియాబ్రుజ్‌లో కుట్టు విభాగం అంటే వేరువేరు ఇళ్లలో, వేరువేరు పల్లెలలో, ఒకే వారంలో ఇద్దరు ముగ్గురు ఓస్తాగర్లకు పనిచేసే స్వతంత్ర మనుషులు. ధర ఒక్కటే అడ్డంకి అయి ఉంటే ఎప్పుడో ఒకనాటికి అది తగ్గేది. ఈఆర్‌పీ ఊహించుకున్న సంస్థ ఇక్కడ లేకపోవడమే పెద్ద అడ్డంకి అయింది.

అటువంటి సంస్థ ఇక్కడ ఏర్పడకపోవడానికి ప్రభుత్వ విధానాలు కూడా కొంత కారణం. రెడీమేడ్ దుస్తుల తయారీని చాలాకాలం చిన్న పరిశ్రమలకే కేటాయించి ఉంచారు. 2000 నాటి జాతీయ వస్త్ర విధానం తరువాతనే ఆ కేటాయింపు తొలగింది. పరిమితి దాటి ఎదిగితే హోదా పోతుంది కాబట్టి ఎదిగేవారు కూడా ఒక్క పెద్ద కర్మాగారం పెట్టక పనిని ఇళ్లకు పంచడం, అన్నదమ్ముల పేర్లతో వేరువేరు ఖాతాలు తెరవడం లాభసాటి అయ్యాయి. రెండో కారణం పన్ను. 1957లో చేసిన అదనపు ఎక్సైజు సుంకాల చట్టం ప్రకారం బట్ట, పంచదార, పొగాకు మీద రాష్ట్రాలు అమ్మకం పన్ను వేయకుండా, దానికి బదులు కేంద్రం వసూలు చేసే సుంకంలో వాటా పొందే ఏర్పాటు జరిగింది. దాని ఫలితంగా మిల్లు గేటు దాటిన తరువాత తాను ఎన్ని చేతులు మారినా పన్ను రసీదు అవసరం పడలేదు. రసీదు లేని వర్తకంలో లెక్క అనేది వర్తకుని సొంత సౌకర్యం కోసం ఉంచుకునేదే గాని ప్రభుత్వానికి చూపవలసినది కాదు. అరవై ఏళ్లు ఇలా నడిచిన బట్టల బజారుకు కంప్యూటరు లెక్కలతో పని పడలేదంటే అందులో ఆశ్చర్యం లేదు.

కంప్యూటరు చిన్న వర్తకుని దగ్గరికి రావడానికి బయటి కారణాలతో పాటు లోపలి కారణం కూడా ఒకటి కావలసి వచ్చింది. అది లెక్కల భాష తెలిసినవాడు రాసిన ప్రోగ్రాం. బెంగళూరులో మిల్లులకు యంత్ర భాగాలు, ముడిసరుకు సరఫరా చేసే శ్యామ్‌సుందర్ గోయెంకా తన వ్యాపారానికి సరిపోయే లెక్కల ప్రోగ్రాం దొరకక, కుమారుడు భరత్ గోయెంకా చేత రాయించినదే తరువాత టాలీ అయింది. 1986లో ప్యూట్రానిక్స్ పేరుతో మొదలైన ఆ సంస్థ 1999లో టాలీ సొల్యూషన్స్‌గా మారింది. అప్పటికి వాడుకలో ఉన్న ప్రోగ్రాంలు ఒక్కొక్క ఖాతాకు ఒక్కొక్క సంకేత సంఖ్య ఇచ్చి, పద్దు రాసేవారు ఆ సంఖ్యలు గుర్తుంచుకోవాలని కోరేవి. టాలీ ఆ సంకేతాలను తీసివేసి, పుస్తకంలో రాసినట్టే మనిషి పేరు, సరుకు పేరు టైపు చేస్తే చాలునన్న పద్ధతి పెట్టింది. మౌస్ అక్కరలేకుండా వేళ్ల మీదనే పద్దులన్నీ ఎక్కించగలగడం వల్ల గుమాస్తాకు అది వేగంగా అలవాటైంది. లెక్కల రాతగాడి అలవాట్లను గౌరవించిన ప్రోగ్రాం కాబట్టే ఆ పేరు భారతదేశపు బజార్లలో ఇంటిపేరుగా నిలిచిందని చెప్పవచ్చు. 2020లో భరత్ గోయెంకాకు పద్మశ్రీ పురస్కారం లభించింది.

కలకత్తా బడాబజారులోని బట్టల టోకు వ్యాపారుల దగ్గరా, పన్ను లెక్కలు చూసే అకౌంటెంట్ల దగ్గరా టాలీ పాతుకుపోయినా, ఓస్తాగర్‌కు అది చాలాకాలం పరోక్షంగానే తెలుసు. ఏడాదికి ఒకసారి రసీదులు సంచిలో వేసుకుని అకౌంటెంటు దగ్గరికి వెళితే, పన్ను పత్రాలకు కావలసిన మేరకు పద్దులు అక్కడి కంప్యూటరులో ఎక్కేవి. అసలు వ్యాపారం పుస్తకంలోనూ, చట్టం చూసే వ్యాపారం అకౌంటెంటు యంత్రంలోనూ వేరువేరుగా బతికాయి. ఈ రెండింటి మధ్య ఎడం మెటియాబ్రుజ్‌కు మాత్రమే చెందినది కాదు; సూరత్‌లోనూ, తిరుప్పూర్‌లోనూ, మన నగరి, మంగళగిరి నేత కేంద్రాలలోనూ చిన్న వ్యాపారి అనుభవం దీనికి దగ్గరగానే ఉంటుంది.

ఆ ఎడాన్ని చెరిపే పరిణామాలు 2016లో ఒక్కసారిగా వచ్చాయి. ఏప్రిల్‌లో బ్యాంకు ఖాతాల మధ్య ఫోను ద్వారా డబ్బు పంపే యూపీఐ మొదలైంది. జూన్‌లో అమెజాన్ సంస్థ ముంబయిలో తన క్లౌడ్ కేంద్రాన్ని తెరిచింది. సెప్టెంబరులో జియో రాకతో మొబైల్ డేటా ధర పడిపోయింది. నవంబరు 8న 500, 1,000 రూపాయల నోట్లు రద్దయ్యాయి. నాలుగింటికీ ఒకదానితో ఒకటి ప్రణాళికాబద్ధమైన సంబంధం లేకపోయినా, రొక్కం మీద నడిచే సంతకు వాటి ప్రభావం కలిసే వచ్చింది. దూరప్రాంతపు కొనుగోలుదారు సంచిలో నోట్లతో వచ్చి సరుకు ఎత్తుకుపోవడం, ఓస్తాగర్ ఆ నోట్లతోనే వారం చివర కూలి పంచడం అన్న చక్రం నోట్ల రద్దుతో ఆగిపోయింది. పని ఆగినప్పుడు ముందుగా దెబ్బతిన్నది ముక్క కూలి మీద బతికే దర్జీయే. ఏ లెక్కల పుస్తకంలోనూ ఆ నష్టం నష్టంగా నమోదు కాలేదు, ఎందుకంటే పని ఇవ్వకపోతే పద్దే పుట్టదు.

2017 జూలై 1న అమలైన వస్తు సేవల పన్ను, అంటే జీఎస్టీ, 1957 నాటి ఏర్పాటును పూర్తిగా తిరగరాసింది. తాను మీద 5 శాతం, 1,000 రూపాయల లోపు దుస్తుల మీద 5 శాతం, ఆ పైన 12 శాతం పన్ను పడింది. కొనేటప్పుడు కట్టిన పన్నును అమ్మేటప్పుడు కట్టవలసిన దానిలోంచి తగ్గించుకునే వీలు ఇచ్చారు గాని, అందుకు అమ్మినవాడు ఆ అమ్మకాన్ని ప్రభుత్వ వెబ్‌సైటులో నమోదు చేసి ఉండాలి. కూలికి కుట్టి ఇచ్చే పని మీద మొదట దుస్తులకు 18 శాతం విధించి, సూరత్ సహా అనేక బట్టల కేంద్రాలలో వ్యాపారులు దుకాణాలు మూసి నిరసన తెలిపిన తరువాత, ఆగస్టులో దానిని 5 శాతానికి తగ్గించారు. నమోదు లేని మనిషి దగ్గర రోజుకు 5,000 రూపాయలకు మించి కొంటే కొన్నవాడే పన్ను కట్టాలన్న నిబంధనను మూడున్నర నెలలకే, అక్టోబరు 13న, పక్కన పెట్టారు. ఆ నిబంధన నిలిచి ఉంటే నమోదు లేని దర్జీకి పని ఇవ్వడం ఓస్తాగర్‌కు శిక్షగా మారేది. చట్టం రాసినవారు పని ఇళ్లలో పంచుకునే పరిశ్రమను మనసులో పెట్టుకోలేదన్న విమర్శకు ఈ తొందర సవరణలే సాక్ష్యం.

చిన్న వ్యాపారికి మినహాయింపులు లేకపోలేదు. 2019 ఏప్రిల్ నుంచి సరుకులు అమ్మేవారిలో ఏడాదికి 40 లక్షల రూపాయల లోపు టర్నోవరు ఉన్నవారు నమోదు కానక్కరలేదు. టర్నోవరు మీద స్వల్ప శాతం కట్టి వివరమైన లెక్కల బాధ తప్పించుకునే కాంపోజిషన్ పథకం కూడా ఉంది. కాని సరుకును తానే పొరుగు రాష్ట్రానికి పంపే అమ్మకందారుకు ఈ రెండు సౌకర్యాలూ వర్తించవు. టర్నోవరు ఎంత చిన్నదైనా నమోదు తప్పనిసరి. దేశమంతటికీ సరుకు పంపడమే మెటియాబ్రుజ్ బలం కాబట్టి ఆ బలమే దానిని లెక్కల వలలోకి తెచ్చింది. 2018 ఏప్రిల్ 1 నుంచి రాష్ట్రాల మధ్య 50,000 రూపాయలు దాటిన సరుకు కదలాలంటే ఈ-వే బిల్లు, అనగా సరుకు వివరాలూ వాహనం వివరాలూ ముందుగా ఆన్‌లైన్‌లో నమోదు చేసి తెచ్చుకునే అనుమతి సంఖ్య, కావలసి వచ్చింది. సరుకు పెట్టె కట్టే చోటే, కట్టే వేళకే రసీదు తయారై ఉండాలన్న అవసరం ఇలా పుట్టింది. ఏడాది చివర అకౌంటెంటు దగ్గరికి వెళ్లే పద్ధతి ఇక్కడితో చెల్లిపోయింది.

ఈ అవసరం తీర్చడంలో క్లౌడ్ పద్ధతి ముందుకు వచ్చింది. ప్రోగ్రాంనూ, అందులో చేరిన పద్దులనూ వర్తకుని సొంత కంప్యూటరులో కాక, ఒక సంస్థ నిర్వహించే దూరపు సర్వర్లలో ఉంచి, నెలకో ఏడాదికో అద్దె కట్టి ఇంటర్నెట్ ద్వారా వాడుకోవడాన్ని క్లౌడ్ అంటారు. 1999లో అమెరికాలో సేల్స్‌ఫోర్స్ ఈ పద్ధతిని వ్యాపార ప్రోగ్రాంలకు వర్తింపజేసింది. 2006లో అమెజాన్ సర్వర్ల శక్తినే అద్దెకు ఇవ్వడం మొదలుపెట్టింది. చెన్నై కేంద్రంగా ఎదిగిన జోహో 2011లో జోహో బుక్స్ పేరుతో లెక్కల ప్రోగ్రాంను క్లౌడ్ మీద తెచ్చింది. సొంత కంప్యూటరు మీదనే పద్దులు ఉంచడం ప్రధాన లక్షణంగా పెరిగిన టాలీ కూడా 2009 నాటి తన ప్రోగ్రాంలో దూరం నుంచి చూసుకునే వీలు కల్పించి, 2020లో టాలీప్రైమ్ తెచ్చిన తరువాత, 2022లో అమెజాన్ సర్వర్ల మీద నడిచే రూపాన్ని కూడా అందించింది. చట్టం మారినప్పుడల్లా ప్రోగ్రాం మారాలి. సొంత కంప్యూటరులోని ప్రోగ్రాంను వర్తకుడే నవీకరించుకోవాలి, క్లౌడులోనిది సంస్థ ఒక్కచోట మారిస్తే అందరికీ మారుతుంది. జీఎస్టీ తొలి ఏళ్లలో నిబంధనలు మారిన వేగాన్ని చూస్తే ఈ ఒక్క తేడాకు ఉన్న విలువ తెలుస్తుంది.

అయితే మెటియాబ్రుజ్ వంటి బజార్లలో క్లౌడ్ అడుగుపెట్టిన దారి ఇంతకంటే చిన్నది. 2017–19 మధ్య బెంగళూరులో పుట్టిన ఓకే క్రెడిట్, ఖాతాబుక్ వంటి ఫోను యాప్‌లు సరుకు నిల్వనో పన్నునో పట్టించుకోకుండా, ఎవరికి ఎంత ఇచ్చారు, ఎంత వచ్చింది అన్న ఒక్క అరువు పద్దును మాత్రమే తీసుకున్నాయి. పేరు తాకి అంకె వేస్తే చాలు, బాకీదారు ఫోనుకు సందేశం వెళుతుంది. పద్దు సంస్థ సర్వరులో చేరుతుంది, ఫోను పోయినా లెక్క పోదు. ఇది ఆవర్జా పుస్తకానికి సూటి వారసత్వం. పెద్ద సంస్థ కోసం పుట్టిన ఈఆర్‌పీ దర్జీ వాడకు దిగి రాలేకపోయిన చోట, దర్జీ వాడ పుస్తకాన్నే యథాతథంగా తీసుకున్న ప్రోగ్రాం ఫోను ద్వారా లోపలికి వచ్చింది. సొంత కంప్యూటరు అన్న మధ్య మెట్టు లేకుండానే చేతి పుస్తకం నుంచి క్లౌడుకు వెళ్లిన వ్యాపారులు ఈ తరంలో కనిపించడానికి కారణం ఇదే. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి సంతలు మూతపడి, మే చివరి ఈద్ గిరాకీ చేజారిపోయినప్పుడు, నమూనాల ఫొటోలు వాట్సాప్‌లో పంపి ఆర్డర్లు తీసుకునే అలవాటు బలపడింది; ఆర్డరు ఫోనులోకి వచ్చిన తరువాత లెక్క కూడా ఫోనులోకి రావడం సహజమే.

పైనుంచి ఒత్తిడి కూడా ఆగలేదు. వ్యాపారుల మధ్య అమ్మకాల రసీదులను ప్రభుత్వ వ్యవస్థలో నమోదు చేసి సంఖ్యనూ క్యూఆర్ కోడునూ పొందాలన్న ఈ-ఇన్వాయిస్ నిబంధన 2020 అక్టోబరులో 500 కోట్ల రూపాయల టర్నోవరు దాటిన సంస్థలతో మొదలై, మెట్టు మెట్టుగా దిగి, 2023 ఆగస్టు 1 నాటికి 5 కోట్లు దాటినవారందరికీ వర్తించింది. మెటియాబ్రుజ్‌కు బట్ట అమ్మే టోకు వ్యాపారులలో చాలామంది, ఓస్తాగర్లలో పెద్దవారు ఈ పరిధిలోకి వస్తారు. కంపెనీ హోదా ఉన్న సంస్థలకు 2023 ఏప్రిల్ నుంచి మరొక నియమం ఉంది. వాటి లెక్కల ప్రోగ్రాంలో ఏ పద్దును ఎప్పుడు మార్చారో ఆ జాడ చెరగకుండా నిలవాలి. కుట్టిన పుస్తకంలో చించిన పుట, కొట్టివేసిన అంకె ఎవరి కంటికైనా కనబడతాయి; కంప్యూటరు ఆ సాక్ష్యాన్ని పోగొట్టింది గనుక చట్టం దానిని తిరిగి తెచ్చింది. ఓస్తాగర్లలో అత్యధికులు సొంత పేరున వ్యాపారం చేసేవారే కాబట్టి ఈ నియమం వారిని తాకదు, కాని వారు వాడే ప్రోగ్రాంలు మాత్రం దానికి అనుగుణంగానే తయారవుతున్నాయి.

ఇక్కడ ఒక భయాన్ని గుర్తించవలసి ఉంది, దానిని అజ్ఞానమని కొట్టివేయకూడదు. వర్తకుని పుస్తకంలో ఎవరి దగ్గర బట్ట ఏ ధరకు వచ్చిందో, ఎవరికి ఎంత అరువు ఉందో, ఏ నమూనా బాగా అమ్ముతున్నదో ఉంటుంది. ఒకే సంతలో పక్కపక్కన కూర్చుని ఒకరి నమూనాను మరొకరు వారంలో కుట్టి అమ్మగలిగిన చోట ఈ సమాచారమే పెట్టుబడి. దానిని కంటికి కనిపించని సర్వరుకు అప్పగించడానికి వెనుకాడటం సహేతుకం. అద్దె కట్టడం మానిన రోజున పాత పద్దులు చేతికి వస్తాయా, అరువు యాప్ నడిపే సంస్థ ఆ సమాచారంతో ఏం చేస్తుంది అన్న ప్రశ్నలకు ఓస్తాగర్‌కు అర్థమయ్యే భాషలో జవాబు చెప్పేవారు అరుదు. మరోవైపు, చేతి పుస్తకాన్ని చూసి బ్యాంకు అప్పు ఇవ్వదు. జీఎస్టీ పత్రాలూ యూపీఐ జమలూ చూసి ఇస్తుంది. గిరాకీకి ముందు బట్ట కొనడానికి అధిక వడ్డీకి అప్పు తెచ్చుకునే చిన్న ఓస్తాగర్‌కు సర్వరులోని పద్దు ఇచ్చే మేలు ఇదే. భయానికీ మేలుకూ మధ్య అతను చేసే ఎంపికలో ప్రోగ్రాం నాణ్యత కంటే వడ్డీ రేటుకే ఎక్కువ బరువు ఉంటుంది.

ఈ మార్పంతటిలోనూ లెక్కలో చేరని మనిషి దర్జీ. బట్ట కొనుగోలు జీఎస్టీ పత్రంలో ఉంది, గౌను అమ్మకం ఈ-వే బిల్లులో ఉంది, డబ్బు యూపీఐలో ఉంది. కాని కట్ట ఏ ఇంటికి వెళ్లింది, ముక్కకు ఎంత కూలి ఒప్పుకున్నారు, ముందుగా ఇచ్చిన అడ్వాన్సులో ఎంత మిగిలింది అన్న పద్దు ఎక్కువగా ఓస్తాగర్ చిన్న పుస్తకంలోనో, ఇద్దరి జ్ఞాపకంలోనో ఉంటుంది. కూలికి పంపిన సరుకు ఏడాదిలోపు తిరిగి రావాలనీ, దానికి చలానా ఉండాలనీ జీఎస్టీ చట్టం కోరుతుంది. ఆ చలానా సరుకు యజమాని హక్కును కాపాడుతుందే గాని కుట్టినవాడి కూలిని గురించి ఏమీ చెప్పదు. 2021 ఆగస్టు 26న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన ఈ-శ్రమ్ పోర్టల్ అసంఘటిత కార్మికులకు ఒక్కొక్కరికి 12 అంకెల ఖాతా సంఖ్య ఇచ్చి, పేరు, వృత్తి, బ్యాంకు ఖాతా కేంద్ర సర్వరులో నమోదు చేస్తుంది. నమోదైన దర్జీ పేరు ఇప్పుడు అక్కడ ఉంది గాని, నిరుడు ఈద్‌కు అతడు కుట్టిన గౌన్ల సంఖ్యా, అతనికి రావలసిన బాకీయూ అక్కడ లేవు, ఓస్తాగర్ వాడే ప్రోగ్రాంలోనూ వాటికి గడి లేదు.